డిమెన్షియా ఉన్న అమ్మనో నాన్ననో కేర్ సెంటర్‌లో చేర్చాలంటే ఏం చూడాలి, ఏం చేయాలి

"అమ్మకు డిమెన్షియా. ఇంట్లో చూసుకోవడం ఇక మావల్ల కావడం లేదు. మంచి సెంటర్ ఏదైనా ఉంటే చెప్పండి." ఇంచుమించు ఇవే మాటల్లో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, వేళ కాని వేళలో డాలస్ నుంచి. పేరు చెబితే మీకు ఒరిగేది తక్కువ. పోయినేడాది బాగున్న చోట పని తెలిసిన ఇన్‌ఛార్జి మానేస్తే ఈ ఏడాది బాగుండదు. ఏది చూడాలో, ఎప్పుడు చూడాలో తెలిస్తే మీ ఊళ్లో ఉన్నవాటిలో ఏది పనికొస్తుందో మీరే తేల్చుకోగలరు. అందుకే ఇక్కడ సెంటర్ల పేర్లు లేవు.

"నలుగురూ ఏమనుకుంటారో" అన్న బెంగ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆ నలుగురిలో ఎవరైనా వచ్చి ఒక్క రాత్రి కాపలా ఉంటామంటే, అప్పుడు వాళ్ల మాట వినండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో రాసిచ్చిన డయాగ్నసిస్ కాగితం. ఏ రకం డిమెన్షియానో (అల్జీమర్స్, వాస్క్యులర్, లూయీ బాడీ, ఇంకొకటి) అందులో ఉండాలి. "వయసు మతిమరుపు" అని ఉంటే చాలదు.
- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, పడని మందుల పేర్లు.
- ఈమధ్య చేయించిన రక్తపరీక్షలు: బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం, క్రియాటినిన్.
- ఆధార్, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, పెన్షన్ కాగితాలు.
- ఒక వారం పాటు రాసిన డైరీ: ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఎంత తిన్నారు, బాత్రూమ్ సంగతి, ఏ వేళప్పుడు గొడవ చేశారు.
- రెండు తెల్లకాగితాలు. ఎందుకో 5వ అంచెలో చెబుతాను. అన్నిటికంటే ముఖ్యమైనవి అవే.

1. ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాతే సెంటర్ దగ్గరికి

"వారం క్రితం దాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, రాత్రంతా అరుస్తోంది" అంటే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. డిమెన్షియా సాధారణంగా నెలల్లో, ఏళ్లలో పెరుగుతుంది. రోజుల్లో మారిపోయిందంటే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఎవరూ చూడని వేళ కిందపడి తలకు తగిలిన దెబ్బ, వీటిలో ఏదైనా ఉండొచ్చు. వీటికి వైద్యం ఉంది. ఆ అయోమయంలో ఉన్న మనిషిని తీసుకెళ్లి కొత్తచోట చేరిస్తే రెండూ కలిసి ముదురుతాయి.

పరీక్షలయ్యాక డాక్టర్‌ను సూటిగా అడగండి: "నిద్రకు, కోపానికి ఇచ్చిన ఈ మందు ఎన్నాళ్లు వాడాలి? ఎప్పుడు తగ్గిస్తారు?" రిస్పెరిడోన్, క్వెటయాపిన్, హాలోపెరిడాల్ లాంటి మందుల వల్ల డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకు ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005 నుంచీ (హాలోపెరిడాల్ లాంటి పాత రకం మందులకు 2008 నుంచీ) హెచ్చరిస్తూనే ఉంది. అవసరమైనప్పుడు వాడక తప్పదు, కానీ గడువు లేకుండా సాగకూడదు. లూయీ బాడీ రకమైతే హాలోపెరిడాల్ మరీ ప్రమాదం. ఆ సంగతి సెంటర్‌కు ఇచ్చే కాగితం మీద ఎర్ర ఇంకుతో రాసివ్వండి.

2. నిజంగా సెంటరే కావాలా?

దీని మీద ఎక్కువ రోజులు పెట్టొద్దు. మీ డైరీ తీసి చూడండి. ఇబ్బంది పగలే ఎక్కువగా ఉంటే డే కేర్, లేదా పగటిపూట ఒక ఆయా సరిపోవచ్చు. రాత్రుళ్లు గేటు తీసుకుని వెళ్లిపోతున్నా, చూసుకునే మనిషికి వారాల తరబడి నిద్ర లేకపోయినా, లేపడానికీ కూర్చోబెట్టడానికీ ఇద్దరు కావాల్సి వస్తున్నా సెంటర్ గురించి ఆలోచించే వేళయింది. మధ్యేమార్గం కూడా ఉంది: చాలా సెంటర్లు పది, పదిహేను రోజులకూ చేర్చుకుంటాయి. ముందు అలా ఉంచి చూస్తే వాళ్లూ మీకు అర్థమవుతారు, మీరూ కాస్త నిద్రపోతారు.

మామూలు వృద్ధాశ్రమాన్ని మాత్రం దీనికి ప్రత్యామ్నాయం అనుకోవద్దు. అక్కడ తమ పని తాము చేసుకునే పెద్దవాళ్లు ఉంటారు. పక్క మంచం మీదావిడ చీర మీ అమ్మ కట్టుకుని "ఇది నాదే" అంటే మూడోరోజే మీకు ఫోనొస్తుంది, వచ్చి తీసుకెళ్లమని.

3. ఫోన్లోనే సగం తేల్చుకోండి

"మీ దగ్గర ఏమేం సౌకర్యాలున్నాయి" అని అడిగితే బ్రోషర్ చదివి వినిపిస్తారు. ఇలా అడగండి:

"రాత్రి రెండింటికి ఆ ఫ్లోర్‌లో ఎంతమంది పేషెంట్లుంటారు, మెలకువగా ఎంతమంది స్టాఫ్ ఉంటారు?" 24 గంటల నర్సింగ్ అంటే నర్సు ఆ బిల్డింగ్‌లో ఎక్కడో నిద్రపోతోందని కూడా అర్థం కావచ్చు.

"ఎలాంటి పరిస్థితి వస్తే మావల్ల కాదంటారు?" ఇది అందరూ మర్చిపోయే ప్రశ్న. కొందరు నడిచేవాళ్లనే ఉంచుకుంటారు, మంచాన పడితే తీసుకెళ్లమంటారు. ఇంకొందరు రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే గొట్టం) పెడితే వద్దంటారు. చేయి చేసుకుంటే వద్దనేవాళ్లూ ఉన్నారు. ఎవరైనా "అలాంటిదేం లేదండీ, ఎవరినైనా చూసుకుంటాం" అంటే నేను అనుమానిస్తాను. తమ హద్దు తెలిసిన చోటే పని తెలుస్తుంది.

"మీ ఆయాల్లో తెలుగు ఎంతమందికి వచ్చు?" హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లలో చాలామంది ఒడిశా, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు. పనిలో వంక పెట్టడానికి ఉండదు. కానీ డిమెన్షియా పెరిగేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోయి అమ్మభాష మిగలడం ఎక్కువమందిలో చూస్తాం. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్‌లో పనిచేసిన నాన్న ఇప్పుడు "కడుపులో తిప్పుతోంది" అని తెలుగులోనే చెప్పగలరు. ప్రతి షిఫ్టులో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఒక్కరైనా ఉండాలి. బెంగళూరు, చెన్నైలలో చేర్చేవాళ్లు ఈ ప్రశ్న మొదటే అడగండి.

రిజిస్ట్రేషన్ దేని కింద ఉందని కూడా అడిగి, చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూడండి. బోర్డు మీద "డిమెన్షియా కేర్" అని రాయించుకోవడానికి పెయింటర్ ఉంటే చాలు.

4. రెండుసార్లు వెళ్లండి, రెండోసారి సాయంత్రం వెళ్లండి

మొదటిసారి చెప్పి వెళ్లండి. రెండోసారి సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్యలో వెళ్లండి. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి పొద్దు వాలే వేళ కంగారు పెరుగుతుంది. "ఇంటికెళ్లాలి, గేదెలకు గడ్డి వెయ్యాలి", "పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది" అంటూ తలుపుల దగ్గర చేరతారు. చాలాచోట్ల స్టాఫ్ షిఫ్టు మారేదీ ఆ వేళకే. పదకొండింటికి ఏ సెంటరైనా బాగానే కనిపిస్తుంది. సెంటర్ అసలు రంగు తెలిసేది ఈ రెండు గంటల్లోనే. రావద్దని అడ్డు చెబితే జవాబు అక్కడే దొరికినట్టు. (ఇతర పేషెంట్ల గదుల్లోకి రావద్దనడం వేరు, అది సబబే.)

హాల్లో ఒక మూల కుర్చీలో కూర్చుని చూడండి. ఎవరైనా "ఇంటికి పోతా" అంటే ఆయా ఏం చేస్తోంది? "ఇదే మీ ఇల్లు, కూర్చోండి" అని గదమాయించి పోతోందా, చేయి పట్టుకుని నాలుగడుగులు వేయించి, కబుర్లలో పెట్టి, టీ గ్లాసు చేతికిస్తోందా? రెండోది చేసే చోట టీవీ చిన్నదైనా ఫరవాలేదు.

ఇంకా చూడాల్సినవి:

వాసన. మూత్రం వాసన వస్తే ఎవరైనా పసిగడతారు. ఫినాయిల్ వాసన ముక్కులదిరేలా ఉన్నా అనుమానించాలి.

మణికట్లు. కట్టేసిన గుర్తులు ఎవరికైనా ఉన్నాయా చూడండి. "మంచానికి కట్టేస్తారా" అని నేరుగా అడగండి. "పడిపోతారని అప్పుడప్పుడూ" అన్నారంటే, ఎవరు ఆర్డర్ ఇస్తారు, ఎంతసేపు, ఎక్కడ రాస్తారు, ఇంటివాళ్లకు చెబుతారా అని అడగండి. ఈ నాలుగింటికీ వెంటనే జవాబు రాకపోతే అక్కడ అది అలవాటుగా జరుగుతోందన్నమాట.

ఆడవాళ్ల జుట్టు. ఇది చాలామందికి తట్టదు. దువ్వడం, తలంటడం కష్టమని కొన్నిచోట్ల చేరిన వారంలోనే కత్తిరించేస్తారు. మొదటిసారి చూడ్డానికి వెళ్లిన కూతురు తల్లిని గుర్తుపట్టలేక గుమ్మంలోనే ఆగిపోతుంది. అక్కడున్న ఆడవాళ్లందరికీ ఒకేలా పొట్టి క్రాఫ్ ఉందంటే అడగండి. మాకు చెప్పకుండా కత్తిరించొద్దని రాసివ్వండి. నైటీ సంగతీ అంతే. జీవితమంతా చీరలో ఉన్న మనిషి నైటీలో బయటి హాల్లోకి రావడానికి సిగ్గుపడి గదిలోనే ఉండిపోతుంది, దానికి "డిప్రెషన్" అని పేరు పెడతారు. నైటీ మీద తువ్వాలో చున్నీనో వేస్తే కొందరు తేరుకుంటారు. వెల్క్రో పెట్టి కుట్టించిన రెడీమేడ్ చీర ఇంకో దారి. స్నానం చేయించేది ఆడవాళ్లేనా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి.

భోజనం. తినిపించే తీరు చూడండి. వెనక్కి వాలి పడుకున్న మనిషి నోట్లో అన్నం పెడుతున్నారంటే ప్రమాదం. మింగడం తగ్గినవాళ్లకు అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, మింగాకే ఇంకో ముద్ద. ఇలాంటివాళ్లకు పల్చటి మజ్జిగ, నీళ్లే ఎక్కువ పొలమారతాయి. చిక్కగా చేసి ఇవ్వడం వాళ్లకు తెలుసా అని అడగండి.

బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, మెట్లకు గేటు, మంటలొస్తే తాళాలు ఎవరి దగ్గరుంటాయి. ఇవి ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు.

5. ఆ రెండు కాగితాలు

సెంటర్ ఫారంలో బీపీ, షుగర్, ఆపరేషన్లు ఉంటాయి. మీ అమ్మ ఎవరో ఉండదు. ఆయాకు ఆవిడ ఏడో నంబరు మంచం మాత్రమే. దీన్ని మార్చగలిగేది మీరే.

మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో, తేలిక తెలుగులో, పది పదిహేను వాక్యాలు రాయండి. తెలుగు చదవలేని స్టాఫ్ ఉంటే హిందీలో ఇంకో కాపీ. ఇలా:

"పేరు పెట్టి పిలిస్తే కోపం వస్తుంది. 'టీచరుగారూ' అంటే పలుకుతారు. పొద్దున్నే కాఫీ పడకపోతే ఏ పనికీ ఒప్పుకోరు. స్నానం కాఫీ తర్వాతే. తల మీద ఒక్కసారిగా నీళ్లు పోస్తే భయపడి కొడతారు, ముందు కాళ్ల మీద పోయండి. చెవి కుడివైపు వినబడదు. మిషన్ శబ్దం వింటే పిల్లలకు గౌన్లు కుట్టాలని లేస్తారు, చేతికి గుడ్డముక్క ఇస్తే మడతలు పెడుతూ గంట కూర్చుంటారు. చిటికెనవేలు చూపిస్తే బాత్రూమ్ అని అర్థం. శనివారం రాత్రి అన్నం తినరు, ఉప్మా పెట్టండి."

గమనించండి, ఇందులో "చాలా మంచిది, అందరితో కలుపుగోలుగా ఉంటుంది" లాంటి మాట ఒక్కటీ లేదు. ఆయాకు పనికొచ్చేవే ఉండాలి. కోపం, తిట్లు, చేయి చేసుకోవడం లాంటివి దాచొద్దు. దాస్తే చేర్చుకుంటారని దాస్తారు, పదోరోజు పంపేస్తారు.

రెండో కాగితం మీద ఐదారు ఫొటోలు అంటించండి. కొత్తవి కాదు, పాతవి. పెళ్లి, పుట్టింటి ఇల్లు, చిన్నప్పటి పిల్లలు. కింద పేరు, వరస రాయండి. మనవడి ఇంజినీరింగ్ పట్టా ఫొటో ఆవిడకు ఎవరిదో ఫొటోలా కనిపించవచ్చు. అదే మనవడి తండ్రి నిక్కర్లో ఉన్న ఫొటో చూస్తే పేరు పెట్టి పిలవచ్చు. లామినేషన్ చేయించి మంచం పక్క గోడకు పెట్టించండి.

ఇది ఏడాదికోసారి తిరగరాయాలి. కాఫీ ఇష్టం పోవచ్చు, శనివారం నియమం మర్చిపోవచ్చు.

6. డబ్బు, సంతకాలు

నెల ఫీజు ఎంతని అడిగితే వచ్చే జవాబు అసలు ఖర్చు కాదు. మీవాళ్ల స్థితిలోనే ఉన్న ఒక పేషెంట్ పోయిన నెల బిల్లు, పేరు కనబడకుండా చూపించమనండి. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, డాక్టర్ విజిట్, ప్రత్యేకంగా ఒక ఆయా, అంబులెన్స్ అన్నీ కలిపితే లెక్క వేరే ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న రోజులకు కూడా మంచం ఫీజు తీసుకుంటారా, మధ్యలో తీసుకెళితే అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, నోటీసు ఎన్నాళ్లు అన్నవి అగ్రిమెంట్‌లో ఉండాలి. మాట మీద వద్దు. హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆసుపత్రి ఖర్చుకే వస్తుంది, సెంటర్ ఫీజుకు రాదు.

అన్నదమ్ముల మధ్య ఎవరెంత అన్నది చేర్చకముందే వాట్సాప్ గ్రూప్‌లో రాతపూర్వకంగా తేలాలి. ఆ తర్వాత అడగడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

పవర్ ఆఫ్ అటార్నీ గురించి అందరికీ ఒకే అపోహ. "నాన్న బాగున్నప్పుడే రాయించుకున్నాం, ఇక భయం లేదు" అంటారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 201 ప్రకారం, రాసిచ్చిన మనిషి మానసిక స్థిమితం కోల్పోతే ఆ అధికారమూ పోతుంది. తర్వాత ఆస్తి విషయం వస్తే గార్డియన్‌గా నియమించమని కోర్టుకు వెళ్లాల్సి ఉంటుంది. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లయితే ఆలస్యం చేయకుండా లాయర్‌ను కలవండి. జాయింట్ ఖాతాలు, నామినీలు, వీలునామా మనిషికి తెలివిడి ఉండగానే, డాక్టర్ సర్టిఫికెట్‌తో ముగించండి.

పెన్షన్ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబర్‌లో, 80 దాటినవాళ్లకు అక్టోబర్ 1 నుంచి. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఫోన్లోనే చేయొచ్చు. సెంటర్‌కు వెళ్లి పదినిమిషాల్లో పూర్తిచేయండి, పొద్దుటి పూట, మనిషి హుషారుగా ఉన్నప్పుడు. రాష్ట్ర పెన్షన్‌కు గడువు వేరు, ట్రెజరీలో కనుక్కోండి.

7. సంచిలో ఏం పెట్టాలి

కొత్త బట్టలు కొనొద్దు. వాడిన దుప్పటి, పాత తలగడ, రోజూ తాగే గ్లాసు ఇవే కావాలి. కొత్తవి చూసి "ఇవి నావి కావు" అంటారు. ప్రతి బట్ట మీదా చెరగని ఇంకుతో పేరు రాయండి. కళ్లద్దాలు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు ఫొటో తీసి, రాయించి, సంతకం తీసుకుని ఇవ్వండి. పోయేవి ఇవే.

బంగారం ఇంట్లోనే ఉంచండి. చెయ్యి బోసిగా ఉంటే ఆవిడ వెతుక్కుంటూ ఏడుస్తుంది కాబట్టి వారం ముందే ఒకటొకటిగా మార్చండి: రోల్డ్ గోల్డ్ గాజులు, నల్లపూసలు. అన్నీ ఒక్కరోజే తీస్తే దొంగతనం జరిగిందని ఇల్లు పీకి పందిరేస్తుంది.

8. చేర్చే రోజు

పొద్దున్న టిఫిన్ అయ్యాక బయల్దేరండి, పదకొండు లోపు చేరేలా. సాయంత్రం వద్దు, ముహూర్తం అప్పుడే బాగుందన్నా సరే. ఇంటిల్లిపాదీ వెళ్లొద్దు. ఆవిడకు నమ్మకమున్న ఇద్దరు చాలు, మధ్యాహ్న భోజనం దాకా ఉండండి.

వారం ముందు నుంచీ "నిన్ను ఫలానా చోట చేరుస్తున్నాం" అని చెబితే ఆ మాట మర్చిపోతారు గానీ ఆ భయం మిగులుతుంది. అలాగని గుడికని కారెక్కించి వదిలేసి రావడం కూడా సరికాదు, ముఖ్యంగా కాస్త తెలివిడి ఉన్నవాళ్ల విషయంలో. ఆవిడ ఒప్పుకునే చిన్న కారణం చెప్పండి: "కాళ్ల నొప్పికి డాక్టర్ కొన్నాళ్లు ఇక్కడ ఉండమన్నారు. నేను వస్తూ ఉంటాను." ఇంట్లో అందరూ ఇదే మాట మీద ఉండాలి.

వచ్చేటప్పుడు ఏడుస్తూ కౌగిలించుకుని వీడ్కోలు చెప్పొద్దు. ఏదో పనిలో ఉన్నప్పుడు "కాఫీ తాగి వస్తానమ్మా" అన్నట్టు కదలండి.

9. మొదటి నెల: పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి రెండు వారాలు నిద్ర, తిండి తగ్గడం, ఇంటికి తీసుకెళ్లమని ఏడవడం చూసి వెంటనే వెనక్కి తెచ్చేయకండి. కొత్తచోటు ఎవరికైనా కొత్తే. "వారం దాకా రావద్దు, అలవాటు పడనివ్వండి" అని కొన్ని సెంటర్లు చెబుతాయి. నా మట్టుకు నేను దీన్ని ఒప్పుకోను. రోజూ గంటల తరబడి కూర్చోనక్కర్లేదు, రోజు విడిచి రోజు అరగంట, వేర్వేరు వేళల్లో వెళ్లండి.

"మీ నాన్న ఏరి?" అంటే "పోయి పదేళ్లయింది కదమ్మా" అనొద్దు. ఆవిడకు అది ఇప్పుడే విన్న చావుకబురు. "నాన్న అంటే గుర్తొచ్చింది, ఆయనకు గుత్తొంకాయ ఎలా చేసేదానివి?" అని మాట మళ్లించండి. ఇల్లు కావాలంటే చాలాసార్లు అది మీ అపార్ట్‌మెంట్ కాదు, ఆవిడ పుట్టిల్లు. ఆ ఇంటి పెరట్లో ఏం చెట్లుండేవని అడగండి.

ప్రతిసారీ చూడాల్సినవి: గోళ్లు, నోరు, తొడల మధ్య ఎరుపు, నడుము కింద, మడమల దగ్గర చర్మం. మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పాలి. నడుము కింద ఎర్రగా కమిలి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. ఆరోజే చెప్పండి.

చేర్చిన రోజు బరువు రాయించండి, ప్రతి నెలా అదే మిషన్ మీద చూడండి. 60 కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే డాక్టర్ చూడాల్సిందే. మందుల చార్ట్ అడిగి చూడండి. మీరిచ్చిన చీటీలో లేని కొత్త మాత్ర ఉంటే, ఎవరు రాశారు, ఎందుకు అని అడగండి. మధ్యాహ్నం ఎప్పుడు వెళ్లినా మత్తుగా, నోట్లోంచి చొంగ కారుతూ కనిపిస్తే అది "బాగా సర్దుకున్నారు" కాదు.

అసలు పరీక్ష ఒకటుంది. డ్యూటీలో ఉన్న ఆయాను పక్కకు పిలిచి "అమ్మకు ఏది ఇష్టం?" అని అడగండి. "గుడ్డలు మడతపెట్టడం ఇష్టం, కాఫీ ముందు పలకరించకూడదు" అని చెప్పిందంటే మీ కాగితం పనిచేసింది. ఆ అమ్మాయి పేరు గుర్తుపెట్టుకోండి, పండక్కి ఆమెకూ చీర పెట్టండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్ మీద మాత్రమే ఆధారపడొద్దు. కాల్‌కు ముందు ముఖం కడిగి, దువ్వి కూర్చోబెడతారు. ఊళ్లో ఉన్న బంధువునో స్నేహితుడినో నెలకు రెండుసార్లు చెప్పకుండా వెళ్లి, పైన చెప్పినవన్నీ చూడమనండి. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఎవరు సంతకం పెట్టాలో, ఏ ఆసుపత్రికో, ఏ దశ దాటాక వెంటిలేటర్ వద్దనుకుంటున్నారో ముందే మాట్లాడుకుని రాసివ్వండి. తెల్లవారుజామున మూడింటికి ఫోన్లో తేలే విషయం కాదది.

తేడా కనిపిస్తే మొదట ఇన్‌ఛార్జికి రాతపూర్వకంగా, తేదీతో, ఫొటోతో చెప్పండి. చర్మం, గోళ్లు, దుస్తులు లాంటివైతే వారంలో మార్పు రావాలి. కొట్టడం, కట్టేయడం, చెప్పకుండా మత్తుమందు ఇవ్వడం అయితే వారం ఆగొద్దు, ఆరోజే తెచ్చేసుకోండి. అవసరమైతే పెద్దల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. దానికి డబ్బులు పడవు. వేరే సెంటర్‌కు మార్చేటప్పుడు మళ్లీ 3వ అంచె నుంచి మొదలుపెట్టండి, ఆ రెండు కాగితాలు మాత్రం గోడ మీంచి తీసి వెంట తెచ్చుకోండి.